ఎరుపు లెక్క

మొదటి గీత పడింది. గీత కూడా కాదు, వెంట్రుకవాసి రంగు పట్టీ. పెద్ద ప్రింటరు కడుపులో సిరా చిమ్మే ఆ నల్లటి పెట్టె ఎడమనుంచి కుడికి జర్రున జారింది, మళ్ళీ కుడినుంచి ఎడమకి వచ్చి కాగితాన్ని గోరంత కిందికి నెట్టింది. ఇలా ఎన్నిసార్లు తిరగాలో అతనికి తెలుసు. బారెడు బొమ్మ, పైగా మేలురకం నాణ్యత అని తనే నొక్కాడు గనక యాభై నిమిషాలు. పదకొండుంబావుకి మొదలైంది, పన్నెండూ అయిదుకి అయిపోతుంది, ఆ తర్వాత పాఠం చెప్పే మేడమ్ వచ్చి చూస్తుంది. ఏడాది పాటు ఫొటోలతోనూ బొమ్మలతోనూ కిందా మీదా పడి నేర్చుకున్నదంతా ఈ ఒక్క కాగితం మీద తేలిపోవాలి. మనిషికి ఒక్క కాగితమే అని చేరిన రోజే చెప్పారు, చెడగొట్టుకుంటే మళ్ళీ ఇవ్వరు. తోటి విద్యార్థులు తమ ప్రింట్లు నిన్ననే తీయించుకుని బయట మెట్ల మీద కబుర్లలో పడ్డారు. ఇతను మాత్రం ప్రింటరు పక్కన, గోడకి ఆనుకుని, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాడు. చూసి ఏం చేస్తాడు పాపం? ఆ కాగితం మీద పడుతున్నది ఎరుపో ఆకుపచ్చో అతనికి తెలియదు. పుట్టినప్పటినుంచీ తెలియదు.

ఎరుపూ ఆకుపచ్చా అతని కళ్ళకి కవలపిల్లలు, రెండూ ఒకేలాంటి మట్టి రంగు చొక్కాలు తొడుక్కుని ఎదురొస్తాయి, ఏది ఏదో చెప్పి చావవు. నీలం తెలుసు, పసుపు తెలుసు, వెలుగూ నీడా అయితే పదిమంది కన్నా బాగానే తెలుసు. ఆ రెండింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గోడ. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో ‘కంటి లోపాలేమైనా ఉన్నాయా’ అన్న గడిలో ‘లేవు’ అని రాసి కింద దర్జాగా సంతకం గిలికాడు. అప్పుడు చెయ్యి వణకలేదు, ఆ వణుకంతా దాచిపెట్టుకుని గుండె ఏడాది పొడుగునా వాయిదాల మీద వణికింది. ఇవాళ బొమ్మ తేడాగా వస్తే గుట్టు రట్టవుతుంది. రంగులు తెలియనివాడికి రంగులతో పనేమిటని అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు, మర్యాదగానే పంపించేస్తారు. బతకడానికి ఇంకో పని దొరక్కపోదని బుర్ర ఒప్పుకుంటుంది గాని మనసు ససేమిరా అంటుంది. ప్లాస్టిక్ పలక మీద ఇక్కడ పెన్ను కదిపితే అక్కడ తెర మీద గీత లేచి నిలబడుతుందే, ఆ సుఖం ముందు అతనికి తిండీ నిద్రా ఏవీ ఆనవు.

జర్ర్... జర్ర్... ఈ చప్పుడు ఎక్కడో విన్నట్టుందని అరనిమిషం వెతుక్కుని, తనలో తనే నవ్వుకున్నాడు. మామయ్య కుట్టుమిషను. కాగితం మీద మెల్లగా దిగుతున్నదీ మామయ్యే. గుడ్డముక్కల కొండ, ఆ కొండ శిఖరాన మిషను ముందేసుకుని వంగి కుడుతున్న మామయ్య, వెనక ఇంత ఆకాశం. కొండ కోసం మామయ్య దుకాణంలో నేల మీద రాలిన ముక్కలన్నీ ఏరి నలభై మూడు ఫొటోలు తీశాడు. ఒక్కొక్క ముక్కనీ తెర మీద కత్తిరించాడు, లేయరు మీద లేయరు పేర్చాడు, ఏ ముక్క నీడ ఏ ముక్క మీద పడాలో పెన్నుతో వేశాడు. మూడు నెలల పని. మామయ్య మొహం మాత్రం ఫొటోనే, దాన్ని మార్చడానికి మనసొప్పలేదు. “నా మొహానికి ఫొటో ఏంట్రా, పెళ్ళికొడుకునా?” అని మామయ్య మొదట గింజుకున్నాడు, “నువ్వు నన్ను పట్టించుకోకు మామయ్యా, కుట్టుకో” అంటే రెండు నిమిషాల్లో నిజంగానే పట్టించుకోవడం మానేశాడు. నోట్లో రెండు గుండుసూదులు, కళ్ళు సూది మీద. ఆ క్షణాన తీసిన ఫొటో.

ఇతను పుట్టినప్పుడు అచ్చం మేనమామ పోలికే అని అందరూ మురిసిపోయారట. అదే ముక్కు, అవే చెవులు, నడక వచ్చాక అదే నడక. కళ్ళు కూడా ఆయనవేనని అప్పుడు ఎవరికి తెలుసు? మామయ్య రైలు నడపాలనుకున్నాడు, కుర్రతనంలో. పరీక్షకి వెళ్తే డాక్టరు చుక్కల పుస్తకం తెరిచి ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. “అందరికీ ఏడు కనబడిందిరా, నాకు చుక్కలే కనబడ్డాయి. చుక్కలున్నాయండీ అని చెప్పాను. ఇంకేముంది, ఇంటికి పొమ్మన్నారు.” ఇంటికొచ్చి కుట్టుపని నేర్చుకున్నాడు. దారాల పెట్టెలో ఏ ఉండ ఏ గడిలో ఉండాలో ఒక క్రమం పెట్టుకుని, ఉండ అడుగున నంబరు రాసి, ముప్పయ్యేళ్ళుగా ఆ క్రమం తప్పకుండా లాక్కొస్తున్నాడు. ఒకసారి అమ్మ తమ్ముడి దుకాణం సర్దిపెడదామని ముచ్చటపడి దారాలన్నీ తీసి దులిపి తన ఇష్టం వచ్చినట్టు పెట్టింది, ఆ వారం ఒక పెద్దమనిషి మట్టిరంగు కోటుకి చిలకపచ్చ కాజాలు పడ్డాయి. ఆయన మండిపడితే మామయ్య తొణక్కుండా, ఇప్పుడు ఇదే నడుస్తోందండీ అన్నాడు. ఆయన నమ్మి తొడుక్కుని వెళ్ళాడు, వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు అలాంటి కాజాలే కావాలని వచ్చారు. ఇంట్లో ఇది చెప్పుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నారో లెక్కలేదు గాని, ఆ రోజు మామయ్యకి లోపల ఎంత చెమట పట్టి ఉంటుందో ఇతనికి ఈ ఏడాదే తెలిసింది. ఈ కోర్సులో చేరతానన్నప్పుడు అమ్మ భయపడింది. మామయ్య ఒక్కటే అడిగాడు. “అందులో రంగులకి నంబర్లుంటాయా?” ఉంటాయన్నాడు. “అయితే చేరిపో.”

ఆకాశం రెండు వేళ్ళ మందాన దిగింది. నీలం, అది తెలుస్తోంది, హాయిగా ఉంది. కాగితం అంచున పైనుంచి కిందికి సన్నగా ఒక బూడిదరంగు పట్టీ కూడా దిగుతోంది, ఏ రంగు మోతాదు మించినా ముందు బూడిదలోనే బయటపడుతుందని, తను చేసే ప్రతి బొమ్మకీ పక్కన దాన్ని పెట్టుకోవడం అతని అలవాటు. క్లాసులో అందుకే లెక్కల మాస్టారని పేరు పెట్టారు. అందరూ బొమ్మ చూస్తూ రంగు దిద్దుతుంటే ఇతను తెర మూలన రంగుల పాళ్ళు చూపే అంకెల పెట్టె చూస్తూ దిద్దుతాడు. మొహం మీద ఒకచోట డ్రాపరు, అంటే రంగు కొలిచే బాణం గుర్తు, పెట్టి అంకె చదువుతాడు, ఇంకోచోట పెడతాడు, పెదవులు కదుపుతూ లోలోపలే ఏదో కూడుకుంటాడు. చాదస్తం అనుకున్నారు. అనుకోనీ, చాదస్తానికి ఎవరూ క్లాసులోంచి తరమరు.

ఈ అంకెల దారి పట్టకముందు సంగతి తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మొదటి నెలలో తోటి విద్యార్థి ఒకడి మొహం ఇచ్చి ఫొటో శుభ్రం చేసి తెమ్మన్నారు. మచ్చలు తీశాడు, వెలుతురు సరిచేశాడు, అన్నీ పొందిగ్గా చేసి చివర్లో రంగు మీట ఒకటి కాస్త అటు జరిపాడు. ఎటు జరిపాడో దేవుడికే తెలియాలి. మర్నాడు క్లాసంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. బొమ్మని దూరంగా పట్టుకుని, తల పక్కకి వాల్చి, “ధైర్యం ఉందబ్బాయ్ నీకు” అంది, తీసుకెళ్ళి గోడకి తగిలించింది. నెల రోజులు ఆ బొమ్మ గోడ మీదే ఉంది. ఇతనేమో మచ్చలు తీయడంలో తన నేర్పు చూసి పెట్టిందనుకుని రోజూ దాని కిందనుంచి ఛాతీ విరుచుకుని నడిచాడు. మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి అక్క ఒకరోజు వచ్చింది. గోడ వంక చూసి ఆగిపోయి, చెవి దగ్గర నోరు పెట్టి, “ఒరేయ్, ఆ అబ్బాయి మొహం ఆకుపచ్చగా ఉందేంట్రా?” అంది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. పప్పులో కాలేసినందుకు కాదు, ఆ కాలికి నెల రోజులు దండ వేసి ఊరేగించినందుకు. తనది కాని పొగడ్త ఎంత చేదుగా ఉంటుందో ఆ రోజు తెలిసింది, ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

అక్కకి చిన్నప్పుడే తెలుసు. తనే కనిపెట్టింది. రంగు పెన్సిళ్ళ మీది కాగితాలు మార్చేసి తమాషా చూద్దామనుకుంది, తమ్ముడు నిక్షేపంగా ఆకుపచ్చ పువ్వులు వేసి ఎర్రటి ఆకులు వేశాడు. ముందు పడీ పడీ నవ్వింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ రోజునుంచి బట్టలు ఏరి పెట్టేది అదే, మామిడిపండు పండిందో లేదో చెప్పేది అదే. గోడ మీది పచ్చమొహం గొడవ తర్వాత రెండు వారాలు పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఎలా ఉందక్కా, ఇప్పుడెలా ఉంది అని చంపుకుతిన్నాడు. అది ప్రతిదానికీ బావుందిరా అంటుంది. ఎంత బావుందే అంటే, బావుంటే బావుందంటారు, ఎంతంటే ఏం చెప్పను, కేజీన్నర బావుంది అంటుంది. ప్రేమ ఉన్న కళ్ళతో ఈ పని జరగదని అర్థమైంది. అరువు తెచ్చుకున్న కళ్ళు ఎన్నాళ్ళు వస్తాయి, రేపు దానికి పెళ్ళయి వెళ్ళిపోతే దానితోపాటు తన ఎరుపూ ఆకుపచ్చా వెళ్ళిపోతాయా? ఆ ఆలోచన వచ్చిన రోజే అంకెల పెట్టె తెరిచాడు.

మేడమ్ చెప్పిన ఒక పాఠం అప్పుడే జరిగింది. ఆ గంటని అతను జన్మలో మరిచిపోడు. “మీ కళ్ళంత అబద్ధాలకోరులు ఇంకెవరూ లేరు” అని మొదలుపెట్టింది. పచ్చని బల్బు కింద పావుగంట కూర్చోండి, అది పచ్చనన్న సంగతే మరిచిపోతారు. ఒకే రంగుని గుడ్లప్పగించి చూసి, చటాలున తెల్లగోడ చూడండి, గోడ మీద దాని విరోధి రంగు కనిపిస్తుంది. కన్ను సర్దుకుపోతుంది, మంచి కోడలిలాగ. అంకె సర్దుకోదు. అందుకే అనుమానం వస్తే కన్నుని అడక్కండి, అంకెని అడగండి. అందరూ రాసుకున్నారు. ఇతను రాసుకోలేదు, రాయడానికి చెయ్యి ఆడితేగా. అంటే అందరి కళ్ళూ దొంగలేనన్నమాట. తనొక్కడే కాదన్నమాట. వెనక బెంచీలో కూర్చుని ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకున్నాడు, సంతోషంతోనే. ఇక వీధుల వెంట పడ్డాడు. ఒక బూడిదరంగు అట్టముక్క జేబులో పెట్టుకుని కనబడినదాని పక్కన పెట్టి ఫొటో తీయడం, ఇంటికొచ్చి అంకె చదివి నోటుపుస్తకంలో ఎక్కించడం. ఇటుక ఇంత, తుప్పు ఇంత, అమ్మ అరచెయ్యి ఇంత, ఎండలో ఆకు ఇంత, నీడలో ఆకు ఇంత. టమాటాల గంప పక్కన అట్టముక్క పెడితే కూరగాయలమ్మే ఆమె, “కొంటావా, ఫొటోలతోనే కూరొండుకుంటావా నాయనా?” అంది. అన్నిటికన్నా మనిషి చర్మం ఏడిపించింది. ఎన్ని మొహాలు కొలిచాడో. నల్లవాళ్ళూ, ఎర్రవాళ్ళూ, చామనఛాయవాళ్ళూ, అందరిలోనూ చివరికి ఒకే లెక్క తేలింది. పసుపు ఎప్పుడూ మెజెంటా అనే ఎర్రసిరా కంటే కాస్త ఎక్కువ. సయాన్ అనే ఆ నీలిరంగు మెజెంటాలో సగానికి అటూ ఇటూ. మామయ్య నుదురు సయాన్ ఇరవై ఎనిమిది, మెజెంటా యాభై రెండు, పసుపు అరవై. ఆరునెలల కష్టానికి దొరికిన మూడంకెలు. వాటిని చదువుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

మామయ్య జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. చెమట మెరుపు ఎంత బాగా పడింది! వెలుగూ నీడా తన సొంత ఆస్తి, అందులో ఎవడూ వేలు పెట్టలేడు.

“ఎర్రగా కొడుతోందయ్యా.”

ఆ మాటన్నది ప్రింటరు నడిపే పెద్దాయన. కిటికీ దగ్గర పొడవాటి బల్ల మీద పోస్టర్ల కట్టలు పెట్టుకుని, మరకలున్నవి ఏరి పక్కన పెడుతున్నవాడు తలెత్తి ఇటు చూశాడు. నలభై ఏళ్ళుగా అచ్చుపనిలో ఉన్న మనిషి. పది అడుగుల దూరంనుంచి చూసి సిరా ఏది ఎంత ఎక్కువైందో చెప్తాడు, ఊళ్ళో మిగతా ప్రెస్సులవాళ్ళు కూడా అనుమానమొస్తే కాగితం చుట్టచుట్టి ఆయన దగ్గరికే తెచ్చుకుంటారు. మేడమే ఆయన మాట దాటదు. ఆయన రెండడుగులు దగ్గరికొచ్చి ఇంకోసారి చూశాడు. “ఊఁ, ఎరుపే. ఆపమంటావా? ఇప్పుడాపితే మిగిలిన కాగితంలో ఇంకోటి చిన్నదిగా కొట్టుకోవచ్చు. ముక్కు దాటిందంటే అదీ ఉండదు, తర్వాత నన్ననకు.”

పెట్టె జర్రున అటు పోయింది, ఇటు వచ్చింది, మామయ్య కనుబొమలు మొదలయ్యాయి. అయిపోయిందిరా నీ పని. ఆరునెలల లెక్క, కొలిచిన మొహాలు, అన్నీ గంగలో కలిశాయి. ఆపమను, ఆయనే దగ్గరుండి దిద్దిపెడతాడు, చిన్న బొమ్మయినా పరువు దక్కుతుంది, గుట్టూ దక్కుతుంది. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోరు అలాగే ఉండగా బుర్రలో ఎవరో అంకెలు చదవడం మొదలుపెట్టారు. ఇరవై ఎనిమిది, యాభై రెండు, అరవై. ఫైలు ప్రింటరుకి పంపే ముందు మూడుసార్లు చూశాడు, మారలేదు. మరి ప్రింటరు తప్పు చేస్తోందా? నీలిసిరా సరిగా దిగకపోతే ఎరుపు పైకొస్తుంది, అది నిజమే. అలా అయితే సన్నటి తెల్ల చారలు పడతాయి, చారలు తనకి కనబడతాయి, ముక్కు కాగితానికి ఆనించి చూశాడు, ఒక్క చార లేదు. “ఆ బూడిదరంగు పట్టీ కూడా ఎర్రగా ఉందాండీ?” అని అడిగాడు. ఆయన చూసి, “అదీ కాస్త ఎర్రగానే ఉంది” అన్నాడు. కళ్ళు దిగుతున్నాయి. అయితే తప్పు సిరాదా, చూసే కంటిదా? తల తిప్పి బల్ల మీది కట్టలు చూశాడు. పోస్టర్లు. మొక్కలమ్మే వాళ్ళవి. కాగితం నిండా ఆకులే, ఇంతింత ఆకులు. ఆకులు గనక ఆకుపచ్చే అయ్యుండాలి.

“పొద్దుట్నుంచీ మీరు ఇవే చూస్తున్నారాండీ?”

“ఎనిమిదింటినుంచీ. మూడువందలయ్యాయి, ఇంకో వందున్నాయి. దేనికీ?”

ఒకే రంగుని గుడ్లప్పగించి చూస్తే. ఆకుపచ్చకి విరోధి ఏది? తనకి కనబడదు గాని తనకి కంఠతా వచ్చు. ఆకుపచ్చ చూసి చూసి అలిసిన కన్ను బూడిదని చూసినా ఎర్రగానే చెప్తుంది, మొహాన్ని చూసినా ఎర్రగానే చెప్తుంది. నలభై ఏళ్ళ కన్ను గనక ఇంకా గట్టిగా చెప్తుంది. ఈ గదిలో ఆ పోస్టర్లకి మోసపోని కళ్ళు ఒక్క జతే ఉన్నాయి, అవి మామయ్య దగ్గర్నుంచి వచ్చినవి. అదీ నిజమేనా? నిజమేనని ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పరు, తనే చెప్పాలి, అదీ ముక్కు రాకముందు.

“ఆపకండి.”

“నీ కళ్ళకి ఎర్రగా లేదూ?”

“లేదండీ.” అది అబద్ధం కాదు, ఆ కళ్ళకి ఏదీ ఎర్రగా ఉండదు. కానీ నిజమూ కాదు, ఆ సంగతి అతనికి తెలుసు. పెద్దాయన అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. తన మాట కాదన్నవాడిని చూసి ఎన్నేళ్ళయిందో. “నీ ఇష్టం, నీ కాగితం” అని తెల్ల చేతితొడుగులు తీసి బల్ల మీద పడేసి, టీ తాగడానికి వరండాలోకి వెళ్ళిపోయాడు. ముక్కు వచ్చింది. ముక్కు దాటింది.

ఇక నిలబడటం తప్ప చేయడానికి ఏమీ లేదు. గడియారం ముల్లుని ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది. మామయ్య నోట్లో గుండుసూదులు రెండూ వచ్చాయి. మెడలో కొలతల టేపు వచ్చింది, చేతులు వచ్చాయి, ఆ వేళ్ళ కణుపులు తను ఎంత ప్రేమగా దిద్దాడో. తర్వాత కొండ. ఒక్కొక్క గుడ్డముక్కా పేరుపేరునా దిగుతోంది. ఇది పెళ్ళికూతురి జాకెట్టు మిగులు, దీన్ని ఎరుపంటారు, తనకి మాత్రం నూరుకి తొంభై అయిదు మెజెంటా. ఇది బడిపిల్లల లంగా గుడ్డ, ఆకుపచ్చ అంటారు, డెబ్భై అయిదు సయాన్, దాని మీద పసుపు. పక్కపక్కనే పెట్టాడు రెండిటినీ, కావాలనే. అందరికీ ఆ రెండూ కొట్టుకుంటున్నట్టు కనబడతాయట. తనకి సోదరుల్లా కూర్చున్నాయి. ఒక్కసారిగా దుఃఖం పొంగింది. ఇంత వండి, వడ్డించి, రుచి మాత్రం ఎదుటివాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలా? తన బొమ్మ తనకెప్పటికీ పూర్తిగా కనబడదు. కాసేపు ఆ దుఃఖాన్ని అలాగే ఉండనిచ్చాడు, అది కూడా తనదేగా. తర్వాత దానికదే తగ్గి, దాని కిందనుంచి ఇంకోటి లేచింది. ఇంత పెద్ద ప్రింటరు, ఇంత సిరా, ఇంత కాగితం, అన్నీ కలిసి తను చెప్పిన అంకెలకి తలవంచి, గీత వెంట గీత గీస్తున్నాయి. కనబడని రంగుల్ని పేరు పెట్టి పిలిస్తే వచ్చి చెప్పినచోట కూర్చున్నాయి. ఇది తను చేశాడు. మంచో చెడో ముందుముందు తేలుతుంది గాని, చేసింది మాత్రం తనే. ఛాతీ నిండిపోయింది. ఎవరైనా వింటారేమోనని కూడా చూసుకోకుండా మిషను చప్పుడుకి తాళంగా కాలితో నేల తట్టాడు.

పెట్టె ఆఖరిసారి తిరిగి మూలకి వెళ్ళి ఒదిగింది. కత్తి సర్రున కాగితాన్ని తెంచింది. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చింది, వెనకే పెద్దాయన. ఆయన ఇతని వంక చూడకుండా తొడుగులు వేసుకుని కాగితాన్ని రెండు అంచులా పట్టుకుని, పగటి వెలుతురునిచ్చే దీపం కింద బల్ల మీద పరిచాడు. ఇద్దరూ వంగారు. అతను బొమ్మ చూడలేదు, బొమ్మలో తనకి తెలిసేదేముంది, వాళ్ళ మొహాలు చూశాడు. మేడమ్ కనుబొమలు కాస్త పైకి లేచాయి. మంచికా చెడుకా? పెద్దాయన సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుని, సొరుగులోంచి రంగు కొలిచే పరికరం తీశాడు. బూడిదరంగు పట్టీ మీద ఆనించాడు, చదివాడు. నుదుటి మీద ఆనించాడు, చదివాడు. ఇంకోసారి ఆనించాడు. ఆ మూడు క్షణాల్లో అతను మూడుసార్లు చచ్చి బతికాడు.

“ఎక్కువ ఎరుపెక్కడా లేదు” అన్నాడు పెద్దాయన. “అంకె పొల్లుపోలేదు. పొరపాటు నాదేనమ్మా. వీడి బొమ్మ ఎర్రగా ఉందని నేను ఆపించబోయాను. వరండాలోకి వెళ్ళాక నా తెల్లచొక్కా కూడా ఎర్రగా కనిపిస్తే, అప్పుడు వెలిగింది నాకు. పొద్దుట్నుంచీ ఆ ఆకులు చూసి నా కళ్ళు దారితప్పాయి. వీడివి తప్పలేదు.” ఇటు తిరిగాడు. “ఏమయ్యా, నీకంత గట్టిగా ఎలా కనిపించింది?”

మేడమ్ ఇంకా బొమ్మ మీదనుంచి చూపు తిప్పలేదు. “ఈ చర్మం... ఇంత బాగా నేను కూడా తీయలేనేమో” అంది నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు. అంతే చాలు. గండం గడిచింది. ఏదో ఒకటి చెప్పి నవ్వేస్తే సరి, మంచి కళ్ళున్నవాడని పేరొస్తుంది, ఆ పేరుతో ఎక్కడైనా పని దొరుకుతుంది, ఫారంలో ‘లేవు’ అన్నది ‘లేవు’గానే ఉండిపోతుంది. కానీ గోడ మీద నెల రోజులు వేలాడిన ఆ మొహం ఎంత చేదో నాలుకకి ఇంకా గుర్తుంది. ఈ పొగడ్త కూడా అడ్రసు తప్పి వేరేవాడి కళ్ళకి పోతే ఎలా? ఏడాది కష్టపడింది కళ్ళు కాదు.

“కనబడలేదండీ” అన్నాడు. “నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. పుట్టుకతోనే. అంకెలు చూసి చేశాను. మీరు ఆకుపచ్చ పోస్టర్లు చూస్తున్నారని లెక్కేసుకుని ఆపొద్దన్నాను.” మేడమ్ వైపు తిరిగాడు. “ఫారంలో లేదని అబద్ధం రాశాను మేడమ్.”

మేడమ్ అతన్ని చూసింది, బొమ్మని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. “అయితే ఆ పచ్చమొహం?”

“తెలియక చేశాను మేడమ్.”

“నెల రోజులు గోడకి పెట్టాను కదయ్యా దాన్ని!” అంది. కోపంగానే మొదలుపెట్టింది గాని మాట సగంలోనే నవ్వయిపోయింది, బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక ముక్కు తుడుచుకుని, “ఫారం సంగతి రేపు ఆఫీసులో తిడతాను, తప్పించుకోలేవు. ఇవాళ మాత్రం దీన్ని హాలు మధ్యలో పెడుతున్నాను. ఈసారి తెలిసే పెడుతున్నాను” అంది.

పెద్దాయన నవ్వలేదు. గోడవారనున్న స్టూలుని కాలితో లాక్కొచ్చి కంప్యూటరు ముందు తన కుర్చీ పక్కన వేశాడు. తెర మీద తర్వాతి పని తెరిచి ఉంది, ఎవరో పిల్లాడి ఫొటో, గోడంత పెద్దది చేసి అచ్చు వేయాల్సింది. “నాకింకా వంద ఆకులున్నాయి చూడ్డానికి. ఆ తర్వాత నా కళ్ళు ఏం చెప్తాయో నాకే నమ్మకం లేదు” అన్నాడు. “రా బాబూ, కూర్చో. ఈ పిల్లాడి బుగ్గ సరిగ్గా ఉందో లేదో నువ్వు చెప్పు, నువ్వు చెప్పాకే మిషనెక్కిస్తాను.”

అతను కూర్చున్నాడు. డ్రాపరుని పిల్లాడి బుగ్గ మీద పెట్టాడు. ఏడాది పాటు పెదవుల మధ్యే నలిగిన అంకెల్ని, ఈసారి గదిలో ఉన్న ఇద్దరికీ, బయట మెట్ల మీద ఉన్నవాళ్ళకీ కూడా వినపడేలా పెద్దగా చదివాడు.